పక్కన పడుకునేవాళ్ళు

సామ్రాజ్యం కళ్ళు తెరిచేసరికి కంప్యూటరు తెర నిండా ‘ళ’లు బారులు తీరి ఉన్నాయి. ‘మంగళవాద్యములతో’ అని కొట్టబోతూ ఉండగా వేలు ఆ మీట మీదే వాలిపోయినట్టుంది. ఒక పేజీ నిండి రెండో పేజీలోకి కూడా పాకాయి. చప్పున పెదవులు తుడుచుకుని, ఆ బారులన్నిటినీ చెరిపేసి, ‘మంగ’ పక్కన మళ్ళీ వేలు పెట్టింది. ఎవరూ చూడలేదనుకుంది. తల తిప్పితే, కాగితాలు కోసే మిషను పక్కన ప్రెస్సు యజమాని సుందరయ్య చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

“మొహం కడుక్కుని రామ్మా,” అన్నాడాయన. తిట్టినా బాగుండేది.

తెనాలిలో బోసు రోడ్డు వెనక సందులో ఉంటుంది ఆ ప్రెస్సు. పెళ్ళికార్డులు, ఓణీల ఫంక్షను కార్డులు, చర్చివాళ్ళ కరపత్రాలు, అన్నీ సామ్రాజ్యం చేతి మీదుగానే పోతాయి. ఆమె కొట్టిన మేటరుకి ప్రూఫు చూడక్కర్లేదని ఒకప్పుడు సుందరయ్య వచ్చినవాళ్ళందరితో గొప్పగా చెప్పుకునేవాడు. ఇప్పుడు ఆయనే కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని రెండేసి సార్లు చూసుకుంటున్నాడు. అలా చూసినా ఒక్కోటి జారిపోతోంది.

ఆ రోజు బయటపడింది మామూలు తప్పు కాదు. ఆమె మొహం కడుక్కుని లోపలికి వచ్చేసరికి కౌంటరు దగ్గర దుగ్గిరాల పసుపు వ్యాపారి ఒకాయన నిలబడి ఉన్నాడు. భారీ మనిషి. చేతిలో కూతురి పెళ్ళికార్డు.

“ఇది నేనేనండీ,” అన్నాడు ఒక పేరు మీద వేలు పెట్టి. “బాగా చూడండి. బతికే ఉన్నాను గదా?”

ఆ పేరు ముందు ‘కీ.శే.’ అని ఉంది. తాతగారి పేరు ముందు ఉండాల్సింది ఒక వరస కిందికి దిగింది.

“మా ఆవిడ పొద్దుట్నుంచీ పచ్చి గంగ ముట్టలేదు. సగం కార్డులు పంచేశాక చూసుకున్నాం. ఎవరో ఫోన్ చేశారు. నేనే ఎత్తాను. ఎప్పుడు పోయారండీ అని నన్నే అడిగాడు!”

కవర్లు అంటిస్తున్న ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. సామ్రాజ్యం నవ్వలేదు. ఆ మనిషి బొటనవేలికి పసుపు రంగు పట్టి ఉండటం, ఆ వేలు తన తప్పు మీద ఆనించి ఉండటం చూస్తూ నిలబడిపోయింది. కొత్త కార్డులు వేసి తనే ఇంటికి తెచ్చి ఇస్తానని సుందరయ్య దండం పెట్టి ఆయన్ని పంపించాడు. పంపించి, ఆమె బల్ల దగ్గరికి వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“నీకు చెప్పేవాణ్ణి కాదమ్మా. ఒంట్లో బాగోకపోతే చూపించుకో. బాగుంటే ఒళ్ళు దగ్గర పెట్టుకుని చెయ్యి. రెండూ కాదంటే నేనింకో మనిషిని చూసుకోవాలి.”

“పెందలాడే పడుకుంటున్నాను సార్. తెల్లారేదాకా లేవను కూడా. అయినా...”

“అదేగా నేననేది. రాత్రీ నిద్రే, పగలూ నిద్రే.”

మధ్యాహ్నం పెరుగన్నం గిన్నె ఒళ్ళో పెట్టుకుని ఫోన్ తీసింది. మొన్న రేపల్లెలో పెళ్ళి దగ్గర్నుంచీ ఫామిలీ గ్రూపులో మెసేజీలు కుప్ప పడుతూనే ఉన్నాయి. అన్నయ్య అబ్రహాము కొడుకు అజయ్ బాబు పెళ్ళి. ఫొటోలు చూద్దామని తెరిచింది. ఫొటోల మధ్య ఒక వీడియో ఉంది. అజయ్ చెల్లెలు మనీషా పెట్టింది. దాని కింద అందరూ కళ్ళలో నీళ్ళు వచ్చేలా నవ్వే బొమ్మలు. ‘మా అత్త ట్రాక్టర్’. ‘రేపల్లె ప్యాసింజర్ బయల్దేరింది’. వదిన కూడా ఒక బొమ్మ పెట్టింది.

చర్చి పక్కనున్న హాల్లో ఆడవాళ్ళందరికీ వరసగా పక్కలేశారు ఆ రాత్రి. తన సంగతి కొంత తెలుసు గనక, అందరూ పడుకునేదాకా ఆగి, గుమ్మం పక్కన చెప్పుల దగ్గర చోటు చూసుకుంది. కొంగు మొహం మీదికి లాక్కుంది కూడా. ఆ కొంగు వీడియోలో లేదు. నోరు తెరుచుకుని, గడ్డం జారి, ఎవరో తెలియని ఒక లావుపాటి ఆడమనిషి వెల్లకిలా పడి ఉంది. సామ్రాజ్యం చప్పుడు పూర్తిగా తగ్గించేసి చూసింది. సగంలోనే ఫోన్ బోర్లించింది. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంది. ఇంకో ముద్ద కలుపుతూ, చెయ్యి గిన్నెలో ఉండగానే, మళ్ళీ నిద్రపోయింది.

మర్నాడు పొద్దున్నే బీపీకి మాత్రలిచ్చే డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయన ఆమె మెడ చుట్టూ టేపు పెట్టి కొలిచి, ఏమీ చెప్పకుండానే పై అంతస్తులో ఊపిరితిత్తుల డాక్టరమ్మ దగ్గరికి పంపాడు. దగ్గు కూడా లేదు కదా, ఇక్కడికెందుకు పంపాడో అనుకుంటూ మెట్ల మీద రెండుసార్లు ఆగింది.

డాక్టరు చంద్రిక చిన్న వయసు మనిషి. రాసుకోవడం మానేసి ఎదుటి మనిషిని చూస్తూ అడుగుతుంది.

“పొద్దున లేవగానే తలనొప్పి ఉంటుందాండి?”

“ఉంటుందండి.”

“నోరు ఎండిపోయి ఉంటుందా?”

“పీచులాగా అయిపోద్దండి.”

“గురక పెడతారా?”

సామ్రాజ్యం ఒళ్ళోని సంచి సర్దుకుంది. “ఏమోనండి. నిద్రపోయేదాన్ని, నాకెట్లా తెలుస్తుంది?”

“పక్కన పడుకునేవాళ్ళు ఏమంటారు?”

“పక్కన ఎవరూ లేరండి. పెళ్ళి చేసుకోలేదు. మా అమ్మ ఉండేది. మూడేళ్ళయింది పోయి.”

“అమ్మగారు ఎప్పుడూ అనలేదా?”

“అమ్మకి చెవులు వినపడేవి కావండి.”

డాక్టరమ్మ పెన్ను బల్ల మీద పెట్టింది. “ఊపిరి ఆగుతోందా లేదా అన్నది ఎవరైనా చూసి చెప్తే త్వరగా తేలుతుంది. ఇంట్లో ఇంకెవరూ...”

లేరని ఇంకోసారి చెప్పాల్సి వచ్చింది. సామ్రాజ్యం చాలాసేపు సంచి జిప్పుతో ఆడింది. చివరికి ఫోన్ తీసి, వీడియో తెరిచి, తల దించుకుని బల్ల మీదికి జరిపింది.

“మా మేనకోడలు తీసింది. నవ్వుకోడానికి.”

డాక్టరమ్మ చప్పుడు పెంచింది. సామ్రాజ్యం తన గురకని మొదటిసారి విన్నది అప్పుడే. చెక్క మీద రంపం పెట్టి లాగినట్టుంది. దాని చుట్టూ ఆడపిల్లల నవ్వులు. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. ఆఖరికి గురక ఆగింది. హమ్మయ్య అనుకుంది. ఫోన్లో ఎవరో, “ఆగిందిరోయ్, పెట్రోల్ అయిపోయింది!” అన్నారు. మళ్ళీ నవ్వులు.

డాక్టరమ్మ మాత్రం గురక వింటున్నంతసేపూ మామూలుగా ఉండి, అది ఆగగానే ముందుకి వంగింది. తెర మీద చూపు కదపలేదు. సామ్రాజ్యం కూడా వంగి చూసింది. పడుకున్న మనిషి పొట్ట లేస్తోంది, పడుతోంది, కానీ గొంతులోంచి ఏమీ రావడం లేదు. నీళ్ళలో మునిగినవాళ్ళు గింజుకున్నట్టు ఛాతీ ఎగురుతోంది. నవ్వులు పలచబడ్డాయి. “పోయిందేమోనే,” అంది ఒక గొంతు, సగం నవ్వుతూనే.

అప్పుడు పక్కనుంచి ఒక చెయ్యి వచ్చింది. బాగా ముడతలు పడ్డ చెయ్యి, ముంజేతి మీద పాతబడిన పచ్చబొట్టు. ఆ చెయ్యి సామ్రాజ్యం భుజం కిందికి దూరి, అలవాటైన పనిలాగా, ఒక్క ఊపున ఆమెను పక్కకి తిప్పింది. పెద్ద శబ్దంతో ఊపిరి లోపలికి పోయింది. వీడియో అక్కడితో అయిపోయింది.

“ఎవరండీ ఈవిడ?” అంది డాక్టరమ్మ.

“తెలీదండి.”

“మీకు గురక ఒక్కటే కాదండి జబ్బు. ఇదిగో, ఇక్కడ ఆగిపోయిందే, ఇది. నిద్రలో గొంతు వెనక దారి మూసుకుపోతోంది. గాలి అందకపోయేసరికి మెదడు మిమ్మల్ని లేపుతుంది, ఊపిరి పీలుస్తారు, మళ్ళీ మూసుకుపోతుంది. తెల్లార్లూ ఇదే పని. లేచిన సంగతి మీకు గుర్తుండదు. పరీక్ష చేస్తే ఎంత ఉందో తెలుస్తుంది గానీ, ఒకటి మాత్రం ఇప్పుడే చెప్పగలను. మీరు రాత్రంతా నిద్రపోతున్నాననుకుంటున్నారు. మీరు నిద్రే పోవట్లేదండి.”

సామ్రాజ్యానికి మొదట అర్థం కాలేదు. నిద్రమొహం, కుంభకర్ణుడి చెల్లెలు, ప్రసంగం మొదలెట్టగానే కునికే మనిషి. ఇన్నేళ్ళుగా అందరూ అన్నారు, ఆమే అనుకుంది. కళ్ళలోంచి నీళ్ళు వాటంతటవే కారాయి. ఏడుపులా కూడా లేదు అది. బిగించడం మర్చిపోయిన కుళాయిలా ఉంది.

సాయంత్రం ఆసుపత్రి కుర్రాడు పరీక్ష సామాను ఇచ్చి ఎట్లా పెట్టుకోవాలో చూపించాడు. ఛాతీకి ఒక పట్టీ, పొట్టకి ఒక పట్టీ, ముక్కులో సన్నటి గొట్టం, వేలికి క్లిప్పు. “పట్టీ వెనక పక్క మెలిపడకుండా చూడాలండి. ఇంట్లోవాళ్ళని కట్టమనండి,” అన్నాడు. ఆమె సరేనంది.

ఇంటికి వెళ్ళి, అన్నం తిని, బీరువా అద్దం ముందు నిలబడింది. పట్టీ ఒక కొస నోట కరుచుకుని, రెండో కొస వీపు వెనక్కి విసిరి, దొరకబుచ్చుకునేసరికి చెమటలు పట్టాయి. మెలి పడింది. విప్పి మళ్ళీ కట్టుకుంది. మూడోసారి బీరువా తలుపు సందులో ఒక కొస ఇరికించి, తను గిర్రున తిరిగితే సరిగ్గా వచ్చింది. అలా చుట్టుకుంటున్నప్పుడు చీరకట్టు నేర్పిన అమ్మ గుర్తొచ్చింది. గోడకి అడ్డంగా ఉన్న అమ్మ మంచం వైపు చూడకుండా లైటు తీసేసింది.

డాక్టరమ్మ చెప్పిందే నిజమైంది. చెప్పినదానికంటే ఎక్కువగానే, గంటకి పదుల సార్లు ఊపిరి ఆగినట్టు పరీక్షలో వచ్చింది. మొదట అద్దెకి ఒక మిషను ఇప్పించారు. టిఫిన్ డబ్బా అంత ఉంది. దానికొక గొట్టం, గొట్టం చివర ముక్కు మీద బిగించుకునే మాస్కు. మొదటి రాత్రి అది గాలి ఊదుతుంటే ఎవరో మొహం మీద చెయ్యి పెట్టి నొక్కుతున్నట్టయి పీకి పారేసింది. రెండో రాత్రి మంచం మీద కూర్చుని, పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకుని, దావీదు కీర్తన ఒకటి మనసులో చెప్పుకుంటూ మెల్లగా ఒరిగింది.

కిటికీ బయట పాల ప్యాకెట్ల బండి ఆగిన చప్పుడుకి కళ్ళు తెరిచింది. తలనొప్పి కోసం ఎదురుచూసింది. రాలేదు. నాలుక మీద తడి ఉంది. రాత్రి ఏదో జరిగినట్టుందే అని వెతుక్కుంటే కల దొరికింది. అమ్మ చింతకాయలు తొక్కుతూ ఏదో చెబుతోంది, తను గట్టిగా అరవకుండానే అమ్మకి తన మాట వినబడుతోంది. అంతే కల. కలలు రావడం ఆగిపోయిందని కూడా ఆమెకి ఇన్నాళ్ళూ తెలియదు. మాస్కు మీద రెండు చేతులూ పెట్టుకుని కాసేపు అలాగే పడుకుంది. ఈ సంగతి ఎవరికైనా చెప్పాలనిపించింది. ఫోన్ తీసి పేర్లన్నీ కిందిదాకా జరిపి, మళ్ళీ పైకి జరిపి, పక్కన పెట్టేసింది.

నాలుగైదు రోజుల్లో ప్రెస్సులో తేడా తెలిసింది. దుగ్గిరాలాయన కార్డు మళ్ళీ కొట్టినప్పుడు ‘కీ.శే.’ని మళ్ళీ తాతగారి పేరు ముందుకి ఎక్కించి, వాళ్ళే తప్పుగా రాసుకొచ్చిన తిథి ఒకటి పట్టుకుంది. సుందరయ్య ప్రూఫు తీసుకుని ఎర్ర పెన్ను విప్పి, చివరిదాకా చదివి, ఒక్క గీత కూడా గీయకుండానే మూత పెట్టేశాడు.

“మందులు పనిచేసినట్టున్నాయే,” అన్నాడు.

“మందులు కాదు సార్. ఊపిరి.”

కానీ తేరుకున్న బుర్రకి పనితో పాటు కోపం కూడా వచ్చింది. ఇన్నాళ్ళూ కోపగించుకోడానికి కూడా ఓపిక ఉండేది కాదు కాబోలు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక మనీషాకి ఫోన్ చేసింది.

“అత్తా! సారీ అత్తా,” అంది ఆ పిల్ల ఎత్తగానే. “నాన్న తిట్టాడు. డిలీట్ చేసేశాను.”

“నా దగ్గరుంది. నువ్వు తీస్తున్నప్పుడు నాకు ఊపిరి ఆగింది. చూశావా?”

అటుపక్క తలుపు వేసిన చప్పుడైంది.

“చూశావటే?”

“చూశాం అత్తా. జోక్ అనుకున్నాం.”

“పోయానేమో అన్నది ఎవరు?”

“నేనే,” అంది మనీషా. ఆ గొంతులో ఏడుపు వినబడింది. తిట్టడానికి సిద్ధం చేసుకున్న మాటలు సామ్రాజ్యం నోటి దాకా వచ్చాయి. అవి అక్కడే ఉండిపోయాయి. ఆ వీడియో లేకపోతే తన గురించి సాక్ష్యం చెప్పేవాళ్ళు ఈ భూమి మీద లేరన్న సంగతి కోపంలో కూడా మర్చిపోలేకపోయింది.

“ఏడవబాక. అది కాదు నేనడిగేది. ఒక చెయ్యి వచ్చి నన్ను తిప్పింది చూడు, ఎవరావిడ?”

“పెళ్ళికూతురి నాయనమ్మ అత్తా. జ్ఞానమ్మగారని, బాపట్ల. మమ్మల్ని తిట్టింది కూడా. ఆ ముక్క నేను కట్ చేశాను.”

నంబరు తీసుకుని చేసింది. తను ఎవరో చెప్పడానికి సామ్రాజ్యం తంటాలు పడుతుంటే, “గుమ్మం దగ్గర పడుకున్న అమ్మాయివా?” అంది ముసలామె. నలభై ఏడేళ్ళ తనని ఎవరైనా అమ్మాయి అని పిలిచి చాలా కాలమైంది. సామ్రాజ్యం డాక్టరమ్మ సంగతీ, మిషను సంగతీ చెప్పుకొచ్చింది. “మిషనా? ఏం మిషను? ఊపిరికా? రామ్మా, అది పట్టుకుని రా. నేను చూడాలి.”

తర్వాతి ఆదివారం ప్రార్థన కాగానే మిషను సంచీలో పెట్టుకుని బాపట్ల రైలెక్కింది. ఈ దారిలో ఎన్నోసార్లు పోయింది గానీ, ఎక్కగానే కన్ను మూతపడి, ఒకసారి దిగాల్సిన చోటు దాటి చీరాలలో తేలింది. ఈసారి చుండూరు చూసింది. నిడుబ్రోలులో జామకాయలు కొనుక్కుంది. అప్పికట్ల దగ్గర కోసిన వరిచేలల్లో బాతుల మందని తోలుతున్న మనిషిని, ఆయన కనుమరుగయ్యేదాకా చూసింది.

జ్ఞానమ్మ ఇల్లు స్టేషనుకి దగ్గరే. కొడుకూ కోడలూ కాకుమానులో బంధువులింటికి వెళ్ళారట. ఒక్కతే ఉంది. ఎండిన మనిషి, తెల్ల చీర.

“వందనాలండి, పిన్నిగారూ.”

“వందనాలమ్మా. ముందు అన్నం తిను.”

సొరకాయ పులుసు, ఎండు మెత్తళ్ళ వేపుడు పెట్టింది. తాను తినకుండా ఎదురుగా కూర్చుని, సామ్రాజ్యం తింటుంటే ఆమె మొహం కేసే చూసింది.

“నీ రంగు తేరింది. ఆ రాత్రి నీలంగా ఉన్నావు.”

“మీకెట్లా తెలిసిందండి, అట్లా తిప్పాలని?”

“మా ఆయనకీ అంతేగా. బర్నబాస్ మాస్టారు. మిషనరీల స్కూల్లో చేసేవారు. పెళ్ళయిన కొత్తలో గురకకి నిద్ర పట్టేది కాదు. తర్వాత్తర్వాత గురక ఆగితే మెలకువ వచ్చేది. చెయ్యి దానంతటదే లేచేది. ఇటు తిప్పేదాన్ని, మళ్ళీ మొదలయ్యేది, నేను పడుకునేదాన్ని.” జ్ఞానమ్మ కంచం పక్కన పడిన మెతుకులు ఏరి చేతిలో పెట్టుకుంది. “ఒక రాత్రి నాకు మెలకువ రాలేదు.”

సామ్రాజ్యం చెయ్యి కంచంలో ఆగిపోయింది.

“అందరూ ఎంత మంచి చావో అన్నారమ్మా. నిద్రలోనే ప్రభువు పిలుచుకున్నాడు, నొప్పి లేదు, బాధ లేదు అన్నారు. నిజమేననుకున్నా. నాకు మాత్రం అప్పట్నుంచీ కన్ను అంటుకోదు. ఇంట్లో ఎవరు పడుకున్నా చెవి అటే ఉంటది.”

“అది జబ్బండి, పిన్నిగారూ. గొంతు మూసుకుపోయే జబ్బు. రాత్రికి ఎన్నిసార్లో ఆగుతుందంట. మెలకువగా ఉన్నవాళ్ళు కూడా ప్రతిసారీ పట్టుకోలేరండి.”

“డాక్టరు చెప్పిందా?”

“చెప్పిందండి.”

పట్టుకోలేరన్న ఆ ఆఖరి మాట డాక్టరమ్మ చెప్పలేదు. సామ్రాజ్యం చెప్పింది. కానీ తన పరీక్షలో వచ్చింది చూసిన మనిషిగా అందులో అబద్ధమేమీ కనిపించలేదు ఆమెకి. జ్ఞానమ్మ మెతుకులు తీసుకెళ్ళి పెరట్లో పిచ్చుకలకి వేసి వచ్చింది.

“ఏదీ, పెట్టుకో చూద్దాం,” అంది చేతులు తుడుచుకుంటూ.

మాస్కు పెట్టుకుని ఒకరి ముందు కూర్చోవడం అదే మొదలు. పట్టీలు చెవుల మీదుగా లాగి బిగిస్తుంటే సామ్రాజ్యానికి మళ్ళీ హాల్లో పడుకున్న ఆ మనిషి గుర్తొచ్చింది. “ఏనుగులా ఉన్నానా అండి?” అంది. గొంతు బుంగలోంచి వచ్చినట్టు వచ్చింది. జ్ఞానమ్మ నవ్వలేదు. గొట్టాన్ని వేళ్ళతో పట్టుకుని, గాలి పోతుండగా దాని లోపలి కదలికని తడిమి చూసింది.

“పడుకో. నేను చూస్తాను.”

మంచం పక్కన కుర్చీ వేసుకుంది. సామ్రాజ్యం కళ్ళు మూసుకుంది. ఎవరో చూస్తుండగా నిద్రపోవడం సిగ్గుగానే ఉంది. అయినా గది చల్లగా ఉంది, కడుపు నిండుగా ఉంది. గాలి ముక్కులోకి వస్తూ పోతూ ఉంది.

లేచేసరికి కిటికీలోంచి ఎండ గోడ మీదికి ఎక్కింది. సాయంత్రం బండికి వెళ్ళాలనుకున్న సంగతి గుర్తొచ్చి లేవబోయింది. తల తిప్పి, ఆగిపోయింది.

జ్ఞానమ్మ కుర్చీలో లేదు. ఎప్పుడు దిగిందో, మంచం పక్కనే చాప మీద, చెయ్యి తలకింద పెట్టుకుని, మోకాళ్ళు ముడుచుకుని పడుకుని ఉంది. నోరు కొద్దిగా తెరుచుకుంది. మంచి నిద్రలో ఉంది. పెరటి తలుపు గాలికి కొట్టుకుంటున్నా ఆమె కనురెప్ప అదరలేదు.

మాస్కు తీస్తే గాలి బుస్సుమని చప్పుడు చేస్తుంది. సామ్రాజ్యం తియ్యలేదు. దిండు మీద తల మళ్ళీ ఆనించి, చాప మీది మనిషి వీపు లేవడం, దిగడం చూస్తూ ఉండిపోయింది. కాసేపటికి స్టేషను వైపు నుంచి తెనాలి బండి కూత వినబడింది. అది వచ్చి, ఆగి, వెళ్ళిపోయేదాకా ఆమె కదల్లేదు.